కొసరుకు కాలమ్ లేదు

ఇరవై ఆరేళ్ళుగా చింతలమెరక మెయిన్ రోడ్డులో కిరాణా కొట్టు నడుపుతున్నాను గాని, నాకు అమ్మడం రాదన్న సంగతి నిరుటి దాకా తెలియదు. ఉప్పు అడిగినవాళ్ళకి ఉప్పు ఇచ్చాను. పప్పు అడిగినవాళ్ళకి పప్పు ఇచ్చాను. వాళ్ళలో ఒక్కరూ తిరిగొచ్చి, నాగభూషణం గారూ మీకు నైపుణ్యం లేదండీ అనలేదు. ఆ మాట చెప్పడానికి జిల్లా కేంద్రం నుంచి ఒక అధికారి జీపు వేసుకుని రావలసి వచ్చింది.

ఆయన పేరు చిత్తరంజన్. గ్రామీణ నిరుద్యోగ యువజన చిల్లర వర్తక నైపుణ్య సాధికారత పథకానికి సమన్వయాధికారి. ఈ పేరు మెడలో వేలాడే కార్డు మీద ఒక పక్క పట్టక రెండో పక్క కూడా అచ్చు వేయించుకున్నారు.

"భూషణం గారూ, మీ విక్రయ కేంద్రంలో మానవ వనరులు ఎన్ని?" అన్నారాయన.

"విక్రయ కేంద్రం ఎక్కడుందండీ?"

"మీరు నిలబడినది అదే."

నేను కాళ్ళ కిందకి చూసుకున్నాను. బెల్లం దిమ్మ మీద ఈగలు తప్ప కొత్తగా ఏమీ కనిపించలేదు.

ఆయన ఓపిగ్గా వివరించారు. పల్లెల్లో చదువుకున్న పిల్లలు పని లేక తిరుగుతున్నారు. కొట్లవాళ్ళు వాళ్ళని చేర్చుకుని తొంభై రోజులు అమ్మడం నేర్పాలి. నేర్పినందుకు ప్రభుత్వం నెల నెలా కొట్లవాళ్ళకి శిక్షణ వ్యయం ఇస్తుంది. ఆఖర్న పరీక్ష, ధ్రువపత్రం. వినడానికి బాగానే ఉంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది, ఎందుకంటే నెల నెలా నాకు ఎవరైనా ఏదైనా ఇస్తామనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

పథకం మొదటిరోజే కొంచెం తడబడింది. ఊళ్ళో కట్టిన బ్యానరు పొట్టిదైపోయి, పెద్ద పేరు పట్టక, 'చిల్లర యువతకు సాదర స్వాగతం' అని మాత్రం వేశారు. శిక్షణకి ఒక్క కుర్రాడూ రాలేదు. మా పిల్లల్ని చిల్లరగాళ్ళంటారా అని ముగ్గురు తల్లులు మాత్రం వచ్చారు. వాళ్ళకి సర్దిచెప్పేటప్పటికి చిత్తరంజన్ గారి తల ప్రాణం తోకకొచ్చింది.

నాలుగోరోజు లోవలక్ష్మి వచ్చింది.

లోవలక్ష్మిని ఊళ్ళో ఎరగనివాళ్ళు లేరు. వాళ్ళమ్మ అప్పయమ్మ ముప్ఫై ఏళ్ళుగా ఆకుకూరల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగే మనిషి. పదేళ్ళ వయసు నుంచి ఈ పిల్ల ఆవిడ వెనకే తిరిగింది, ఇంటర్ చదివింది, చదివాక మళ్ళీ తిరిగింది. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళుంటాయి. కిందటేడు అప్పయమ్మ మెడ పట్టేసింది. డాక్టరు మెడకి పట్టీ వేసి, ఇకమీదట నెత్తిన బరువు పెడితే చెయ్యి పడిపోతుందని చెప్పాడు. ఆవిడ ఆ పట్టీ పెట్టుకునే, నెత్తిన చుట్టకుదురు పెట్టి, బుట్ట ఎత్తుకుని తిరుగుతోంది. కూతురు ఎత్తుకుంటానంటే, పెళ్ళి కావలసిన పిల్లవి, నీ మెడ కూడా పోతే ఎట్టా అంటుంది.

"షావుకారుగారూ, బస్టాండు కాడ పంచాయితీవోళ్ళు నాలుగు గదులు కట్టేరు గదండి. మూడు అయిపోయేయండి. నాలుగోది నాకు కావాలండి. ఆ గది వత్తే మా అమ్మ బుట్ట దించేత్తాదండి."

"మంచిదే. అర్జీ పెట్టు."

"పెట్టేనండి. అమ్మడం వచ్చని ఇప్పుడు ఈ పథకం కాయితం ఉంటేనే ఇత్తారంటండి. అందుకే వచ్చేను. నాకు అమ్మడం నేర్పండి."

నాకు నవ్వొచ్చింది. మా ఆవిడ వంకాయలు కొనడానికి వీధిలోకి వెళితే ఈ పిల్ల గోంగూర, బచ్చలికూర, ఆ రెండూ కాక ఒక గుమ్మడికాయ కూడా అంటగట్టి పంపిన రోజులున్నాయి. సరే, కాగితం కావాలి, ఇప్పిద్దాం, అందులో ఏముంది అనుకున్నాను.

ఉందని చిత్తరంజన్ గారు చెప్పారు.

"ప్రవేశానికి ముందు అర్హత పరీక్ష ఉంటుంది. వందకి ముప్ఫై లోపు రావాలి."

"ముప్ఫై దాటాలా?"

"లోపు. ఇప్పటికే అమ్మడం వచ్చినవారికి అమ్మడం నేర్పితే ప్రజాధనం దుర్వినియోగం కింద వస్తుంది. నైపుణ్యం లేదని నిర్ధారణ అయినవారికే నైపుణ్యం ఇవ్వగలం."

మాటలో తప్పు పట్టడానికి లేదు. పరీక్ష నా కొట్లోనే, ఆ రోజే. ఆయనే కొనేవాడిగా స్టూలు మీద కూర్చుని, "నాకు ఒక ఒంటి సబ్బు కావాలి" అన్నారు.

లోవలక్ష్మి ఆయన్ని పైనుంచి కింద దాకా ఒకసారి చూసింది. "తమరికాండి, పిల్లలకాండి?"

"నాకే."

"తమరు రోజంతా జీపులో తిరుగుతారు గదండి. ఆ దుమ్ముకి సబ్బొక్కటీ ఏం చేత్తాదండి? పీచు ఉండాలండి. ఇదిగో, బీరపీచు, చేత్తో పట్టుకు చూడండి. అమ్మగారు తలకి షాంపూ పెడతారా, కుంకుడుకాయలాండి?"

"కుంకుడుకాయలే. ఆవిడకి షాంపూ పడదు."

"పడదండి, నాకు తెలుసు. జుట్టు రాలిపోతందని అంటంటారా?"

"అవును! మీకెలా తెలుసు?"

పావుగంటలో ఆయన సబ్బు, పీచు, కిలో కుంకుడుకాయలు, లోవలక్ష్మి చేతిబుట్టలోంచి రెండు కట్టల తోటకూర పట్టుకుని జీపు దాకా వెళ్ళిపోయారు. జీపు ఎక్కబోతూ ఏదో గుర్తొచ్చి వెనక్కి వచ్చి, ఫారం నింపారు. తొంభై రెండు.

"విచారకరం. అభ్యర్థి అనర్హురాలు" అన్నారు, తోటకూర చంకలో పెట్టుకుని.

లోవలక్ష్మి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మడం వచ్చు గాబట్టి అమ్మడం వచ్చని కాయితం ఇవ్వరాండి? ఇదెక్కడి చోద్యమండీ బాబూ!"

నాకు ఒళ్ళు మండింది. పునఃపరీక్షకి నేనే అర్జీ రాశాను. కారణం అన్న చోట, 'ఆనాడు అభ్యర్థికి పొరపాటున నైపుణ్యం కలిగినది' అని రాశాను. మూడు రోజుల్లో మంజూరైంది. ఆ ఆఫీసులో నా అర్జీ ఇంత తేలిగ్గా అర్థమవుతుందని నేను అనుకోలేదు.

ఆ పిల్లకి నేను నిజంగా ఇచ్చిన శిక్షణ ఏదైనా ఉంటే అది ఆ వారం రోజులే.

"ఎవరేం అడిగినా లేదను."

"ఉంటేనోనండి?"

"ఉన్నా లేదను."

"నోరు రాదండి."

"అమ్మ మెడ గుర్తు తెచ్చుకో. వస్తుంది."

వచ్చింది. ఎవరైనా చింతపండు అడిగితే, చింతపండు పక్కనే నిలబడి లేదండి అనేది. అని, అవతలి మనిషి మెట్లు దిగుతుంటే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని పెదవి కొరుక్కునేది. రెండోసారి పరీక్షలో చిత్తరంజన్ గారు కందిపప్పు అడిగారు. లోవలక్ష్మి కందిపప్పు బస్తా మీదే కూర్చుని ఉంది.

"లేదండి."

"ఎప్పుడు వస్తుంది?"

"తెలవదండి."

"మరి నేనేం చేయాలి?"

"పక్క కొట్లో అడగండి."

పదకొండు మార్కులు. చిత్తరంజన్ గారి ముఖం వెలిగిపోయింది. "అద్భుతం! ఇలాంటి అభ్యర్థుల కోసమే ప్రభుత్వం ఈ పథకం పెట్టింది" అని నాకు చెయ్యి కలిపారు.

శిక్షణ మొదలైంది. రెండువందల నలభై పేజీల కరదీపిక ఇచ్చారు. దాని ప్రకారం నా కొట్లో తాజా ఉత్పత్తుల విభాగం ఉండాలి. నాకు లేదు. కాబట్టి లోవలక్ష్మి ఇంటి దగ్గర్నుంచి తన చేతిబుట్టే తెచ్చి నా అరుగు మీద పెట్టింది. పైన 'హరిత విభాగం' అని బోర్డు కట్టాం. ఆ పిల్ల బుట్ట, ఆ పిల్ల పెరట్లో తోటకూర, ఆ పిల్లకే అమ్మడం నేర్పుతున్నందుకు నాకు వ్యయం. మొదటి నెల సరుకు ముట్టుకోకూడదు, భావన మాత్రమే. రెండో నెల నుంచి పలకరింపు.

ఆ పలకరింపుకి మొట్టమొదట చిక్కినవారు పాపారావు మాస్టారు. రిటైరైన లెక్కల మాస్టారు. రోజూ పొద్దున్నే ఒక కట్ట కొత్తిమీర ఆయనకి అలవాటు. మెట్టు ఎక్కారో లేదో లోవలక్ష్మి చేతులు జోడించి, ముప్ఫై రెండు పళ్ళూ కనబడేలా, ఎనిమిదో పేజీలో బొమ్మ వేసినట్టు నిలబడింది.

"శుభోదయం. మా విక్రయ కేంద్రానికి స్వాగతం. ఈనాటి మీ కొనుగోలు ప్రయాణంలో నేను ఏ విధంగా తోడ్పడగలను?"

మాస్టారు వెనక్కి తిరిగి ఇంకెవరైనా వచ్చారేమో చూశారు. "ఏవే లోవా, ఒంట్లో బాగానే ఉందా?"

"మీ ఆరోగ్య కుశలానికి మేము కట్టుబడి ఉన్నాము."

"నా ఆరోగ్యం కాదే, నీది. అప్పయమ్మా! ఎక్కడున్నావు? మీ పిల్లకి ఏదో అయ్యింది!" అని ఆయన వీధిలోకి పరుగెత్తారు. అంత వయసులో ఆయన పరుగెత్తడం నేను మళ్ళీ చూడలేదు.

చిత్తరంజన్ గారు ఈ సంఘటన మీద నివేదిక పంపారు. పైనుంచి జవాబు వచ్చింది. దోషం అభ్యర్థిలో లేదు, కొనేవాడిలో ఉంది. శిక్షణ లేని కొనుగోలుదారులు శిక్షణకి అంతరాయం కలిగిస్తున్నారు గనుక, ప్రతి కేంద్రానికి నమూనా కొనుగోలుదారులను నియమించవలెను. వాళ్ళు కూడా నిరుద్యోగులే అయి ఉండవలెను.

నా కొట్టుకి ఆరుగురు వచ్చారు. ఫారం తెచ్చుకుని, శుభోదయం చెప్పించుకుని, అర కిలో పంచదార అడుగుతారు. లోవలక్ష్మి తూచి, బిల్లు కొడుతుంది. వాళ్ళు సంచీ పట్టుకుని గుమ్మం దాటి, పక్క గుమ్మంలోంచి లోపలికొచ్చి, పంచదార తిరిగి డబ్బాలో పోసి, మళ్ళీ వరసలో నిలబడతారు. సాయంత్రానికి నా కొట్లో పెద్ద బేరం జరిగినట్టు బిల్లులుంటాయి. పంచదార ఉన్నదున్నట్టే ఉంటుంది, చీమలు కూడా దాని వెంట తిరిగి తిరిగి అలసిపోయాయి.

ఇది చూసి బజారంతా పథకంలో చేరింది. బట్టల కొట్టు, ఎరువుల కొట్టు, చెప్పుల కొట్టు. చివరికి కోళ్ళ దొరబాబు కూడా చేరాడు. అతని దగ్గర ఒకే ఒక పెట్ట రోజుకి నలభైసార్లు అమ్ముడుపోయేది. తూచడం, కాళ్ళు పట్టి అందించడం, బిల్లు, మళ్ళీ గంపలోకి. మొదట్లో అది గోల చేసేది గాని, పదిరోజులయ్యాక తనే నడిచొచ్చి కాటా మీద కూర్చోవడం మొదలుపెట్టింది. తనిఖీకి వచ్చినప్పుడు చిత్తరంజన్ గారు దాన్ని చూపించి, "శిక్షణ ఫలితాలు క్షేత్రస్థాయిలో కనబడుతున్నాయి" అన్నారు.

ఒక్క ఇబ్బంది మిగిలింది. ఊళ్ళో వాళ్ళకి అన్నం వండుకునే అలవాటుంది. వాళ్ళు నిజంగా ఉప్పు, నిజంగా నూనె కావాలని వస్తూనే ఉన్నారు. దీనికి కూడా ఉత్తర్వు వచ్చింది. అన్ని కొట్ల ముందూ ఒకే బోర్డు: 'నిజ కొనుగోలుదారుల వేళలు సాయంత్రం అయిదు నుంచి అయిదున్నర. మిగతా సమయాల్లో దయచేసి శిక్షణకు అంతరాయం కలిగించరాదు.'

అరగంటలో ఊరంతా ఎక్కడ కొంటారు? అందుకని అందరూ అప్పయమ్మని ఆపడం మొదలుపెట్టారు. ఆకుకూరలతో పాటు ఒక పొట్లం ఉప్పు తెచ్చిపెట్టమని ఒకరు, అగ్గిపెట్టె అని ఒకరు, చింతపండు అని ఒకరు. కాదనడం ఆవిడకి తెలియదు. పక్క ఊరి కొట్టు నుంచి తెచ్చి అమ్మేది. బుట్ట పెద్దదైంది. దాని మీద ఇంకో తట్ట వచ్చింది.

ఒక రోజు పొద్దున్న లోవలక్ష్మి నమూనా కొనుగోలుదారుకి తొమ్మిదోసారి శుభోదయం చెబుతోంది. రోడ్డు మీద అప్పయమ్మ వెళుతోంది. మెడ పట్టీ చెమటకి తడిసి నల్లగా అయింది. తల తిప్పలేదు గనుక, కూతురిని చూడ్డానికి మనిషి మొత్తం ఇటు తిరిగి నిలబడింది. ఆ బరువుతో ఒక పక్కకి ఒరిగి, గోడ పట్టుకుంది.

"అమ్మా, దించెయ్! అక్కడే దించెయ్!" అని లోవలక్ష్మి ఒక్క గెంతు గెంతింది. అంతలో గోడ మీది హాజరు యంత్రం కూసింది. గంట గంటకీ అది ముఖం చూడాలి. చూడకపోతే ఆ రోజు హాజరు పోతుంది, పది హాజర్లు పోతే శిక్షణ పోతుంది. అప్పటికే తొమ్మిది పోయాయి. పిల్ల గుమ్మంలో ఆగిపోయింది. నేను పరుగెత్తి వెళ్ళి అప్పయమ్మ బుట్ట దింపాను. ఇరవై ఆరేళ్ళుగా బస్తాలు మోసినవాణ్ణి, నాకే నడుము కలుక్కుమంది. ఆ క్షణాన నాకు ఆ పథకం మీద, నెల నెలా దాని డబ్బు తీసుకుంటున్న నామీద కూడా అసహ్యం వేసింది.

"ఇంకెన్ని రోజులండి?" అంది లోవలక్ష్మి, యంత్రానికి ముఖం చూపిస్తూ.

"పన్నెండు."

"అయిపోతాయండి. అన్నీ అప్పచెప్పినట్టే చెప్పేత్తానండి. ఒక్క ముక్క అటూ ఇటూ పోనివ్వను."

తొంభయ్యో రోజు పరీక్ష. పరీక్షించేది మేమూ కాదు, ప్రభుత్వమూ కాదు, తృతీయ పక్షం అని చిత్తరంజన్ గారు చెప్పారు. నాకు శుక్లపక్షం, కృష్ణపక్షం తెలుసు. ఈ మూడోది ఎప్పుడొస్తుందో పంచాంగంలో లేదు. అది పదిన్నర బస్సుకి వచ్చింది. సుచరిత గారని ఒకావిడ, చేతిలో పలకలాంటి ఫోను. అందులో వంద అంశాలు, ఒక్కొక్కటీ టిక్కు పెట్టాలి.

లోవలక్ష్మి వాయించేసింది. శుభోదయం, నిలబడే తీరు, చేతుల కోణం, చిరునవ్వు నిడివి, అన్నీ. తొంభై తొమ్మిది టిక్కులు పడ్డాయి. ఆఖరి అంశం ఒక్కటే ఉంది, 'కేంద్రం నుంచి సరుకు నిష్క్రమణ'. సరిగ్గా అప్పుడు పాపారావు మాస్టారు బోర్డు సంగతి పట్టించుకోకుండా మెట్లెక్కి వచ్చారు.

"ఇంటికి చుట్టాలొచ్చారమ్మా. ఇవాళ నన్ను పొమ్మనకు. ఒక్క కట్ట కొత్తిమీర."

"నిజ కొనుగోలుదారు! ఇంకా మంచిది. కానివ్వండి" అన్నారు సుచరిత గారు.

లోవలక్ష్మి శుభోదయం చెప్పింది. కొత్తిమీర ఇచ్చింది. బిల్లు కొట్టింది. మాస్టారు సంచీ తెరిచి పట్టుకున్నారు. ఆ పిల్ల చెయ్యి, తన ప్రమేయం లేకుండా, బుట్టలోకి వెళ్ళి రెండు రెబ్బలు కరివేపాకు తీసి ఆ సంచీలో వేసేసింది. పద్నాలుగేళ్ళుగా ఆ చెయ్యి చేస్తున్న పని అది. ఏ కరదీపికా ఆ చేతి దాకా వెళ్ళలేదు.

"అదేమిటి?" అన్నారు సుచరిత గారు.

"కొసరండి."

సుచరిత గారు పలకలో వెతికారు. "కొసరుకి కాలమ్ లేదు. నాలుగే ఉన్నాయి. అమ్మకం, వాపసు, పాడైన సరుకు, చౌర్యం. అమ్మకమా?"

"డబ్బులు తీసుకోలేదండి."

"వాపసా?"

"ఆయన తిరిగి ఇవ్వలేదు గదండి."

"అయితే పాడైన సరుకు అని పెట్టనా? పారేయవలసిన ఆకు ఇచ్చారని?"

ఆవిడ మంచి మనసుతోనే అడిగారు, అది నేను చెప్పాలి. నేను వెనకనుంచి తల ఊపాను, ఊ అనమన్నాను, చేతులతో సైగ చేశాను. లోవలక్ష్మి నన్ను చూసింది కూడా. చూసి, నిటారుగా నిలబడింది.

"పాడైందేంటండి? పొద్దున్న కోసిన ఆకండి. మా అమ్మ ముప్ఫై ఏళ్ళలో ఒక్కరికి కూడా పాడైన ఆకు ఎయ్యలేదండి."

ఇక మిగిలింది చౌర్యం. టిక్కు పడింది. ఆ ఒక్క టిక్కు పడితే మిగతా తొంభై తొమ్మిదీ పనికిరావు. పలక ఎర్రగా మెరిసి, చిన్నగా కూసింది.

"పాడైన ఆకని అనేస్తే సరిపోయేది గదమ్మా" అన్నాను తర్వాత.

"ఆ మాట మీద కాయితం తెచ్చుకుని, ఆ గదిలో కూర్చుని ఏం అమ్మనండి?" అంది.

నేను అప్పీలు పెట్టాను. దాని మీద త్రిసభ్య ఉపసంఘం వేశారు. నెలన్నర తర్వాత నాకు ఉత్తరం వచ్చింది. 'కొసరు అనగానేమి? దాని పరిమాణమెంత? అడిగిన ఇచ్చునదా, అడగకనే ఇచ్చునదా? సోదాహరణముగా వివరింపవలెను.' నేను రాశాను: 'అడగకపోతే నవ్వుతూ ఇచ్చేది, అడిగితే కొంచెం విసుక్కుని ఇచ్చేది.' వారానికి జవాబు వచ్చింది. 'విసుగును ఏ ప్రమాణములో కొలిచెదరో తెలుపవలెను.'

ఇంతలో పంచాయితీ నోటీసు అంటించింది. నాలుగో గదికి నెలాఖరు గడువు. అప్పటికి అర్హులు లేకపోతే ఆ గదిని పథకం వారి ఆఫీసుకి ఇచ్చేస్తారు. నాలుగు రోజులుంది.

లోవలక్ష్మి వాళ్ళమ్మ మాట వినడం మానేసింది. బుట్ట తనే నెత్తిన పెట్టుకుని తిరుగుతోంది. ఆ రోజు పదకొండింటికి ఎండ తట్టుకోలేక నాలుగో గది మెట్టు మీద దింపి కూర్చుంది. నేను అక్కడే ఉన్నాను. నా కొట్లో కొత్త అభ్యర్థికి నమూనా కొనుగోలుదారుల వేళ, నాకు పని లేదు.

చిత్తరంజన్ గారి జీపు వచ్చి ఆగింది. గది కొలతలు తీసుకోవడానికి వచ్చారు. టేపు తీశారు గాని, చూపు బుట్ట మీదకి పోయింది.

"గోంగూర బాగుందే. రెండు కట్టలు ఇవ్వమ్మా."

లోవలక్ష్మి ఇచ్చింది. చీటీ ముక్క మీద లెక్క రాసి చేతిలో పెట్టింది. ఆయన డబ్బులిచ్చారు. ఇచ్చి కదలలేదు. నిలబడి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"కొంచెం కరివేపాకు వెయ్యమ్మా."

లోవలక్ష్మి లేచి నిలబడింది. చేతులు జోడించింది. ఎనిమిదో పేజీలో బొమ్మలాగే నవ్వింది. "క్షమించండి. బిల్లులో లేని సరుకు కేంద్రం దాటితే అది చౌర్యంగా పరిగణించబడుతుంది. మీ సహకారానికి ధన్యవాదములు."

"అబ్బే, అదీ... ఇక్కడెవరున్నారు?"

"నేనున్నానండి" అన్నాను.

చిత్తరంజన్ గారి ముఖం చూస్తే జాలేసింది. ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆయన పథకం జిల్లా కేంద్రంలో కూడా అమలవుతోంది. మూడు నెలలుగా ఆయన ఇంటికి కొసరు అన్నది లేదు. ఆయన బజారుకి వెళ్ళి ఏం తెచ్చినా భార్య సంచీ బోర్లించి చూసి, రెండు రెబ్బలు కరివేపాకు అడిగి వేయించుకోవడం చేతకాదు, మీరు ఊళ్ళో వాళ్ళకి నేర్పుతారా అంటోంది. ఇవాళ పొద్దున అత్తగారి ముందు కూడా అంది.

"అమ్మగారు అన్నదాంట్లో తప్పేం లేదండి" అంది లోవలక్ష్మి, ఇప్పుడు మామూలు గొంతుతో. "కరివేపాకు ఒక్కటే కాదండి, కొత్తిమీర కూడా ఏత్తాను. రెండు పచ్చిమిరపకాయలు పైన పెడతాను. అమ్మగారు సంచీ తీయంగానే కనపడేలాగ సర్దుతానండి. కానీ దొంగతనం అన్నారు గదండి. నేను ఏత్తే నాకు దొంగతనం, తమరు తీసుకుంటే తమరికి కూడానండి."

"అది... సందర్భాన్ని బట్టి..."

"ఆ ముక్కే కాయితం మీద పెట్టండి."

"ఉపసంఘం పరిశీలనలో ఉంది కదా!"

"అయితే పరిశీలన అయ్యేకే ఏత్తానండి కరివేపాకు. ఈలోపు గోంగూర వాడిపోద్ది, ఎండగా ఉంది. ఎల్లి రండి."

ఆయన జీపు దాకా వెళ్ళారు. తలుపు తీశారు. గోంగూర వంక చూశారు. నాకు ఆయన మొదటి పరీక్ష రోజు సబ్బు, పీచు పట్టుకుని జీపు దాకా నడిచిన నడక గుర్తొచ్చింది. అదే మనిషి, అదే పిల్ల. తిరిగొచ్చారు. సంచీలోంచి లెటర్‌ప్యాడ్ తీసి, మోకాలి మీద పెట్టుకుని రాశారు.

'బేరము ముగిసిన పిదప విక్రేత తన ఇష్టముతో, బిల్లుకు అదనముగా ఇచ్చు స్వల్ప హరిత పదార్థము చౌర్యముగా పరిగణింపబడదు.'

లోవలక్ష్మి చదివింది. "ఎప్పటి నుంచని లేదండి."

"నేటి నుంచి."

"తొంభయ్యో రోజు ముందు నుంచని రాయండి. ఇదిగో, కొత్తిమీర ఇంకో కట్ట తీసేనండి."

'పూర్వపు తేదీ నుంచి అమలగును' అని కూడా రాశారు. సంతకం పెట్టారు. జీపులోంచి స్టాంపు తెప్పించుకుని గుద్దారు. అప్పుడు లోవలక్ష్మి సంచీ అందుకుని, అడుగున గోంగూర, దాని మీద కొత్తిమీర, పైన కరివేపాకు, నాలుగు పచ్చిమిరపకాయలు, అన్నీ పెళ్ళికి సర్దినట్టు సర్ది ఇచ్చింది. రెండు మిరపకాయలన్నది నాలుగు వేసింది. ఆయన ఆ సంచీ చంటిపిల్లాడిని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్ళారు. టేపు మెట్టు మీదే మరిచిపోయారు.

ఆ కాగితంతో ఎర్ర టిక్కు పోయింది. గడువు ఇంకా ఒక్కరోజు ఉందనగా ధ్రువపత్రం వచ్చింది. అందులో 'కుమారి లోవలక్ష్మికి చిల్లర బుద్ధి యందు శిక్షణ ఇవ్వబడినది' అని అచ్చుతప్పు పడింది గాని, సవరణకి పంపితే మళ్ళీ ఉపసంఘం వేస్తారని భయపడి ఎవరమూ నోరెత్తలేదు.

గది తెరిచిన రోజు నేనే బోణీ చేశాను. అప్పయమ్మ కుర్చీలో కూర్చుని, మెడ పట్టీ విప్పేసి విసురుకుంటోంది. ముప్ఫై ఏళ్ళు ఆవిడ నెత్తిన ఉన్న చుట్టకుదురు ఇప్పుడు గది మూల మంచినీళ్ళ కుండ కింద ఉంది. దాన్ని చూసి నాకు కళ్ళు చెమర్చాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఇక్కడితో ఊరుకోవచ్చు గాని, ప్రభుత్వం ఊరుకోలేదు. ఆ తర్వాతి నెల నా కొట్టు లైసెన్సు రెన్యువల్‌కి వెళితే, ధ్రువపత్రం ఏదీ అన్నారు. ఇరవై ఆరేళ్ళ నుంచి అమ్ముతున్నానన్నాను. రుజువు లేదన్నారు. నేను కూడా శిక్షణలో చేరాలి. శిక్షణ ఇచ్చేవారికి కూడా ఇప్పుడు ధ్రువపత్రం ఉండాలి. బజారంతా శిక్షణలో ఉన్నా, చింతలమెరకలో అది చేతికొచ్చింది ఒక్కరికే.

కాబట్టి అర్హత పరీక్షకి నాలుగో గదికి వెళ్ళాను. లోవలక్ష్మి కొనేదానిలా స్టూలు మీద కూర్చుంది. నేను కౌంటర్ వెనక నిలబడ్డాను. ఈ పిల్ల ముందు పరువు పోకూడదని, ఇరవై ఆరేళ్ళ అనుభవమంతా కూడగట్టుకుని, చెమటలు పట్టేలా పావుగంట అమ్మాను. ఆ పిల్ల ఫారం మీద ఏదో రాసింది.

"ఎన్ని వేశావమ్మా?"

"ఎనిమిదండి. ముప్ఫై లోపే. చేరిపోవచ్చండి."

"మంచిదానివి. నాకోసం తగ్గించి వేశావన్నమాట."

లోవలక్ష్మి ఫారం మడిచి, నా సంచీలో రెండు రెబ్బలు కరివేపాకు వేసింది.

"లేదండి. కొసరు కలిపే ఎనిమిదండి."